నుదుటి పట్టు, ముక్కులో చుక్క

శరీరంలో ఎక్కడ నొప్పి పుట్టినా గుర్తించే మెదడుకు తన సొంత కణజాలంలో నొప్పిని పసిగట్టే నాడీ తంతువులు లేవు. తలనొప్పి పుట్టేది మెదడును కప్పి ఉండే పొరల్లో, ఆ పొరల మీదుగా పారే రక్తనాళాల్లో, నెత్తి మీది, మెడ వెనుకటి కండరాల్లో, ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లో. అక్కడి నుంచి ఆ వార్తను మోసుకుపోయే వాటిలో ముఖ్యమైనది ఐదవ కపాల నాడి. మూడు శాఖలుగా చీలే ఈ నాడిని వైద్యులు ట్రైజెమినల్ నాడి అంటారు. దీని మొదటి శాఖ నుదుటికీ, కనురెప్పకూ, ముక్కు లోపలి పొరలో కొంత భాగానికీ స్పర్శనిస్తుంది. పుర్రె లోపల మెదడు పై పొరలో పెద్ద భాగం కూడా దాని పరిధిలోదే. పుర్రె లోపలి పొరకూ బయటి నుదుటి చర్మానికీ ఒకే నాడి ఉండడం శరీర నిర్మాణంలో చిన్న విశేషంగా తోచవచ్చు గానీ, ఓరుగల్లు ప్రాంతపు ఇళ్లలో శొంఠి అరగదీసి నుదుట పట్టు వేయడానికీ, చైనా వైద్య గ్రంథాలు ముల్లంగి రసాన్ని ముక్కులో వేయమని చెప్పడానికీ, బొంబాయిలో ఒకటీ రంగూన్‌లో ఒకటీ పుట్టిన రెండు తలనొప్పి లేపనాలు ప్రపంచమంతా అమ్ముడుపోవడానికీ అర్థం ఆ విశేషంలోనే దొరుకుతుంది.

తలనొప్పులన్నీ ఒక జాతివి కావు. జ్వరం, సైనస్‌ల వాపు, మెదడు పొరల వాపు, రక్తస్రావం, కణితి వంటి వేరే జబ్బుకు లక్షణంగా వచ్చేవి ఒక తెగ అయితే, వెనుక మరే జబ్బూ లేకుండా తామే జబ్బుగా వచ్చేవి మరో తెగ. ఈ రెండో తెగలో తలకు పట్టీ బిగించినట్టు ఉండే బిగుతు తలనొప్పి అత్యంత సామాన్యమైనది. తెలుగువారు పార్శ్వపు నొప్పి అని పిలిచే మైగ్రేన్ ప్రపంచంలో సుమారు 100 కోట్ల మందిని బాధిస్తోందని అంచనా, పురుషులలో కంటే స్త్రీలలో అది రెండు మూడు రెట్లు ఎక్కువ. మెదడు పొరల మీది రక్తనాళాలు ఉబ్బడమే మైగ్రేన్‌కు మూలమని చాలాకాలం నమ్మిన శాస్త్రవేత్తలు, తరువాత ట్రైజెమినల్ నాడి కొసలు విడుదల చేసే సి.జి.ఆర్.పి. అనే చిన్న ప్రోటీన్ ముక్క ఆ నొప్పిని రగిలిస్తోందని కనుగొన్నారు. దానిని అడ్డుకునే ఇంజెక్షన్లు 2018 నుంచి వాడుకలోకి వచ్చాయి. అంటే ఆధునిక వైద్యం కూడా తలనొప్పి విషయంలో నిన్న మొన్నటి వరకూ తడుముకుంటూనే వచ్చింది. పాత వైద్యాలను తూచేటప్పుడు ఈ సంగతి మరచిపోకుండా ఉండడం న్యాయం.

వరంగల్ నగరంలోని అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వంటి సంస్థల్లో తలనొప్పులను బోధించే శాఖ పేరు శాలాక్య తంత్రం. మెడ ఎముకకు పైనున్న కన్ను, ముక్కు, చెవి, గొంతు, తలలకు వచ్చే రోగాలన్నీ దాని పరిధిలోకి వస్తాయి. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం శిరోరోగాలను పదకొండుగా లెక్కించింది. వాత, పిత్త, కఫాలు విడివిడిగానూ కలిసీ కలిగించేవి నాలుగు, రక్తం వల్ల, క్షయం వల్ల, క్రిముల వల్ల వచ్చేవి మూడు కాగా, మిగిలిన నాలుగింటికి మాత్రం కారణాన్ని బట్టి గాక నడకనో చోటునో బట్టి పేర్లు పెట్టారు. ఆ నాలుగింటిలో మూడు ఈనాటి చదువరికి ఎక్కువ ఆసక్తి కలిగిస్తాయి. సూర్యావర్తం పొద్దు పొడవగానే మొదలై, సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా పెరిగి, పొద్దు వాలేకొద్దీ తగ్గుతుంది. నుదుటి ఎముకలోని సైనస్ మూసుకుపోయినప్పుడు వచ్చే నొప్పికి చెవి, ముక్కు, గొంతు వైద్యుల పాఠ్యగ్రంథాలు ఇచ్చే వర్ణన దాదాపు ఇదే. అర్ధావభేదకం తలలో సగభాగాన్ని చీల్చినట్టు బాధించి, పది రోజులకో పక్షానికో తిరిగి వస్తుంది. దీనిని మైగ్రేన్‌తో పోల్చని ఆయుర్వేద ఆచార్యుడు ఉండడు. కణతల్లో పుట్టే శంఖకం మూడు రాత్రులలో ప్రాణం తీస్తుందని హెచ్చరించడం చూస్తే, తలనొప్పుల్లో కొన్ని తలనొప్పులు మాత్రమే కావని ఆ పాత వైద్యులకు బాగా తెలుసునని అర్థమవుతుంది. పరిశీలన ఇంత నిశితంగా ఉన్నచోట కారణాల సిద్ధాంతం అంత నిలకడగా లేదనీ, పరిశీలనను గౌరవించడానికి సిద్ధాంతాన్ని నెత్తిన పెట్టుకోనక్కరలేదనీ చెప్పక తప్పదు.

చైనా సంప్రదాయ వైద్యం తలనొప్పిని చూసే తీరు వేరు. అక్కడ వర్గీకరణకు మొదటి ప్రశ్న, నొప్పి బయటి నుంచి వచ్చిందా, లోపలి నుంచి పుట్టిందా అన్నది. గాలి అనే బాహ్య దోషం మెడ వెనుక నుంచి చొరబడి, చలినో వేడినో తేమనో వెంటబెట్టుకుని తలకెక్కుతుందని ఆ వైద్యుల భావన; కాలేయపు వేడి పైకి ఎగదన్నడం, రక్తం చాలకపోవడం వంటివి లోపలి కారణాలు. ఆయుర్వేదమూ తలనొప్పుల్లో వాతానికి పెద్ద పీట వేసింది గనుక రెండింటిదీ ఒకే మాట అని కొందరు తొందరపడి రాస్తుంటారు గానీ, ఆయుర్వేదంలోని వాతం శరీరంలో పుట్టుకతోనే ఉన్న ధాతుశక్తి, చైనా వైద్యంలోని గాలి వాతావరణం నుంచి దూరే శత్రువు. రెండో ప్రశ్న నొప్పి ఎక్కడ అన్నది: నుదుట ఉంటే బాయ్‌జీ అనే వేరు, మెడ వెనుక ఉంటే ఛియాంగ్‌హువో అనే వేరు, కణతల్లో ఉంటే ఛాయ్‌హు అనే వేరు ఇవ్వాలని నియమం. ఈ వేర్లన్నిటికీ పైన నిలిచేది సిచువాన్ రాష్ట్రంలో పండే చువాన్‌షియోంగ్ గడ్డ. అది లేకుండా తలనొప్పి మందు రాయడం చైనా వైద్యునికి తోచని పని.

ఈ ఆలోచనలన్నీ కలిసి రూపుకట్టిన యోగం చువాన్‌షియోంగ్ చాటియావో శాన్. సాంగ్ వంశపు చక్రవర్తుల కాలంలో, 11, 12 శతాబ్దాల మధ్య, ప్రభుత్వ ఔషధశాల తన చూర్ణాల పద్ధతులన్నిటినీ ఒక గ్రంథంగా కూర్చి సవరిస్తూ వచ్చింది. ప్రభుత్వమే మందుల దుకాణం నడిపి, ఒక్కో మందుకు ఒక్కో తూకం స్థిరపరచడం ఆ కాలానికి చాలా ముందడుగు. ఆ గ్రంథంలో చోటు సంపాదించిన ఈ చూర్ణంలో ఎనిమిది ద్రవ్యాలుంటాయి. వాటిలో చువాన్‌షియోంగ్, బాయ్‌జీ, ఛియాంగ్‌హువో, ఫాంగ్‌ఫెంగ్ అనే నాలుగు ధనియాలు, సోంపు, వాము పుట్టిన కుటుంబానికే చెందినవి. జింగ్‌జియే, పుదీనా రెండూ తులసి కుటుంబానివి. ఏడవది తెలుగు పచారీ దుకాణాల్లోనూ దొరికే అతిమధురం. ఎనిమిదవది షీషిన్ అనే ఘాటైన వేరు, దాని కథ వేరుగా చెప్పుకోవలసినది. ఈ చూర్ణాన్ని నీళ్లతో గాక తేయాకు కషాయంతో మింగాలి. తేయాకు పైకెక్కిన వేడిని కిందికి దించుతుందని గ్రంథకర్తల వివరణ కాగా, తేయాకులోని కెఫీన్ నొప్పి మందుల బలాన్ని కొంత పెంచుతుందని ఈనాటి పరీక్షలు తేల్చాయి. మాత్రతో పాటు 100 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా తీసుకుంటే చాలినంత ఉపశమనం పొందేవారి సంఖ్య ప్రతి వందమందికి ఐదు నుంచి పదిమంది వరకూ పెరుగుతుంది. తలనొప్పి వస్తే ముందు ఒక కప్పు టీ తాగి చూద్దామనుకునే వారి అలవాటు వెనుక ఆ మేరకు శాస్త్రం ఉంది.

రెండు దేశాల మూలికల్లో ఒకదానికొకటి నిజంగా తారసపడే మొక్క వావిలి. వరంగల్, ములుగు, మహబూబాబాద్ జిల్లాల్లో వాగుల ఒడ్డునా చేల గట్ల వెంటా పొదలుగా పెరిగే ఈ మొక్క పట్టణవాసులకు వినాయక చవితి నాటి పత్రిలో సింధువార పత్రంగా మాత్రమే పరిచయం; పల్లెల్లో బాలింతలకు స్నానం చేయించే నీళ్లలో, జలుబుకు పట్టే ఆవిరిలో, తలనొప్పి మనిషి తల కింద పెట్టే దిండులో దాని ఆకులు కనిపిస్తాయి. ఆకులను నలిపి వాసన చూడడం, వేడి చేసి కణతలకు కట్టడం, ఎండుటాకుల పొగ పీల్చడం కూడా వాడుకలో ఉన్నవే. చైనా వైద్యులు ఇదే ప్రజాతికి చెంది సముద్రతీరపు ఇసుకలో పెరిగే మరో మొక్క ఎండు కాయలను మాన్‌జింగ్‌జీ పేరుతో కణతల నొప్పికీ, కళ్ల వెనుక పొడిచే నొప్పికీ శతాబ్దాలుగా వాడుతున్నారు. ఇక్కడ ఆకు, అక్కడ కాయ. ఇక్కడ పైపూత, అక్కడ కషాయం. రెండు మొక్కల్లోనూ కాస్టిసిన్ అనే ఫ్లావనాయిడ్ దొరుకుతుంది, అది ప్రయోగశాలలో ఎలుకల వాపును తగ్గించింది. దాని అర్థం దిండులో పెట్టిన ఆకు మనిషి తలనొప్పిని తగ్గిస్తుందని కాదు. ఎందుకంటే కాస్టిసిన్ గాలిలోకి ఎగిరే పదార్థం కాదు, దిండు మీద పడుకున్న మనిషికి చేరేది ఆకులోని సుగంధ తైలం మాత్రమే. మూలికల గురించి రాసేవారు తరచూ జారిపడే చోటు ఇదే: రసాయనం ఒకటి, అది లోపలికి వెళ్లే దారి మరొకటి, రెండింటినీ ఒకే ముడి వేసి మందు రుజువైందని ప్రకటిస్తారు.

నుదుటి పట్టు విషయంలో దారి స్పష్టంగానే ఉంది. శొంఠి కొమ్మును సాన మీద నీళ్లతోనో పాలతోనో అరగదీసి, ఆ గంధాన్ని నుదుటికీ కణతలకూ పట్టించి ఆరనివ్వడం తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన వైద్యం. పచ్చి అల్లంలో ఘాటునిచ్చే జింజెరాల్స్ ఎండే క్రమంలో నీటి అణువును కోల్పోయి షోగాల్స్‌గా మారతాయి, ఇవి ఇంకా ఘాటైనవి. అల్లం బదులు శొంఠినే ఎంచుకున్న పెద్దలకు ఈ రసాయన చర్య తెలియకపోయినా దాని ఫలితం నుదుటి మంటలో తెలిసింది. ఆ మంటను పట్టుకునేవి నాడి కొసల్లో ఉండే టి.ఆర్.పి.వి.1 అనే అయాన్ ద్వారాలు. ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలుగా వచ్చే మిరపలోని కాప్సైసిన్ తెరిచేదీ ఈ ద్వారాలనే. 1997లో వాటిని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో, చలినీ స్పర్శనూ గుర్తించే ద్వారాల మీద పనిచేసిన ఆర్డెమ్ పటపౌటియన్‌తో కలిపి, నోబెల్ బహుమతి వచ్చింది. వేడి, మంట, చలి వంటి తాజా సంకేతాలు ఒక నాడి వెంట ముమ్మరంగా వెళ్లినప్పుడు, వెన్నుపాము, మెదడు కాండం స్థాయిలో నొప్పి సంకేతాలు కొంత అణగుతాయి. పైగా ఆ నాడి కొసలు కాసేపటికి అలసి స్పందన తగ్గిస్తాయి. నుదుటి చర్మానికీ మెదడు పొరకూ ఒకే నాడి ఉండడం వల్ల ఈ అణచివేత ప్రభావం లోపలి నొప్పి మీద కూడా పడే వీలుంది. కాలి నొప్పికి నుదుట శొంఠి పూస్తే ఏమీ కాదు.

ముక్కు దారి ఇంకా దగ్గరది. తుమ్మి ఆకుల రసాన్ని తలనొప్పికి రెండు మూడు చుక్కలుగా ముక్కులో వేయడం తెలంగాణ పల్లెల్లో పాత అలవాటు. వేసిన వెంటనే ముక్కూ కళ్లూ కారి, తుమ్ములు వచ్చి, మూసుకుపోయిన సైనస్‌లలోని కఫం కదులుతుంది. ఆయుర్వేదం దీనినే నస్యమనే శాస్త్రీయ విధానంగా తీర్చిదిద్దింది. గుంటగలగరాకు రసం, మేకపాలు, శొంఠి తదితరాలతో నువ్వుల నూనెను కాచి తయారుచేసే షడ్బిందు తైలాన్ని ముక్కులో ఆరు చుక్కలు వేయాలని అందులోని నియమం. చైనాలో సాంగ్ కాలపు మంత్రి వాంగ్ ఆన్‌షి తలనొప్పితో విలవిలలాడినప్పుడు చక్రవర్తి అంతఃపురంలోని రహస్య యోగాన్ని అనుగ్రహించాడనీ, అది ముల్లంగి రసంలో పచ్చ కర్పూరం కలిపి ముక్కులో వేయడమేననీ, ఎడమవైపు నొప్పికి కుడి ముక్కులోనూ కుడివైపు నొప్పికి ఎడమ ముక్కులోనూ వేయమన్నారనీ ఒక కథనం వైద్య గ్రంథాల్లో నిలిచిపోయింది. ముల్లంగిలోనూ ఆవాలలోనూ ఉండే గంధక పదార్థాలు మరో అయాన్ ద్వారాన్ని తాకి అదే ట్రైజెమినల్ నాడిని రేపుతాయి. చక్రవర్తి రహస్యానికీ తుమ్మి చుక్కకూ మధ్య దూరం చాలా తక్కువ. ఆధునిక వైద్యం కూడా ఈ దారిని వదులుకోలేదు: మైగ్రేన్‌కు సుమాట్రిప్టాన్, జోల్మిట్రిప్టాన్ అనే మందులను ముక్కులో చిమ్మే రూపంలో ఇస్తారు, వాంతులవుతున్న రోగికి మాత్ర మింగే పని లేకపోవడం దీని పెద్ద లాభం. అయితే ముక్కులో చిమ్మే ఆ మందు శుద్ధి చేసినది, చేలో తెంచి నలిపిన ఆకు రసం శుద్ధి చేసినది కాదు. మరిగించని నీరు ముక్కులోకి పోయినప్పుడు మెదడును తినే నెగ్లేరియా అమీబా చొరబడిన ఉదంతాలు కేరళలో 2024, 2025 సంవత్సరాల్లో బయటపడ్డాయి. వాగు నీళ్లతో కడిగిన ఆకు రసాన్ని ముక్కులో వేయడం ఆ కారణం చేతనే మానుకోదగిన అలవాటు.

వాంగ్ ఆన్‌షి కథలోని కర్పూరం ఓరుగల్లు చరిత్రలోకి కూడా వస్తుంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం, తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు దోచుకునే పాత ఆచారాన్ని రద్దు చేసి, విదేశీ వర్తకులకు ధైర్యం చెప్పి, సరుకు సరుకుకూ సుంకం నిర్ణయించింది. నేటి బాపట్ల జిల్లాలోని ఆ ఊళ్లో రాతి మీద చెక్కిన పట్టికలో చందనం, మిరియాలు, పన్నీరు, జవ్వాది, ఏనుగు దంతాలు, పట్టు, పగడాలతో పాటు కర్పూరమూ, చీనా కర్పూరమూ వేరువేరుగా ఉన్నాయి. మందుల దినుసులు ఎక్కువగా ఉన్న ఈ జాబితాను వాణిజ్య చరిత్రకారులు చదివినంత శ్రద్ధగా వైద్య చరిత్రకారులు చదవవలసి ఉంది. కాకతీయ రాజ్యంలో మందులకు గిరాకీ ఉందనడానికి మరో సాక్ష్యం రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం. 1261 నాటి ఆ శాసనం గోళకీ మఠానికి ఇచ్చిన గ్రామాల ఆదాయంలో ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ వాటా కేటాయించింది.

కర్పూరాలు రెండని సుంకాల అధికారులు గుర్తించడం సరైనదే. బోర్నియో, సుమత్రా అడవుల్లోని మహావృక్షాల బోదెల్లో పలుకులుగా పేరుకునేది ఒకటి, దాని రసాయనం బోర్నియోల్, వాంగ్ ఆన్‌షి ముక్కులో పడింది అదే. దక్షిణ చైనా, తైవాన్‌లలో పెరిగే దాల్చినచెక్క జాతి చెట్టు కలపను ఆవిరి పట్టి దించేది రెండోది, హారతి కర్పూరం అదే. మొదటిదానిని చైనావారు సైతం ఓడల మీద తెప్పించుకుని బంగారం లెక్కన కొనుక్కునేవారు. ఈనాడు హారతి పళ్లెంలో వెలిగేదానిలో అధికభాగం దేవదారు జాతి చెట్ల టర్పెంటైన్ నుంచి కర్మాగారాల్లో తయారైన కర్పూరమే.

ఈ కర్పూరాన్ని, పుదీనా జాతి మొక్కల నుంచి తీసే మెంథాల్‌ను, నీలగిరి తైలం, వింటర్‌గ్రీన్ తైలం వంటివాటిని మైనపు ముద్దలో కలిపి డబ్బాకెత్తడంతో తలనొప్పి మూలికా వైద్యం పారిశ్రామిక యుగంలోకి అడుగు పెట్టింది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనాన్ని ప్రారంభించారు. చైనాలోని ఫుజియాన్ నుంచి రంగూన్‌కు వలస వచ్చిన మూలికా వైద్యుడు ఆ చు కిన్ అంతకు ముందే, 1870ల్లో, అక్కడ మందుల దుకాణం తెరిచాడు. తెలుగు కూలీలు, కళాసీలు వేల సంఖ్యలో బతికిన నగరం కూడా అదే. అతని కొడుకులు ఆ బూన్ హా, ఆ బూన్ పార్ తండ్రి యోగాన్ని టైగర్ బామ్‌గా మార్చి, 1920ల్లో సింగపూర్ నుంచి ఆసియా అంతటికీ అమ్మారు. రెండు లేపనాల కథలు మరో విచిత్రమైన చోట కలుస్తాయి. అమృతాంజనం లాభాలతో నాగేశ్వరరావు 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపితే, ఆ బూన్ హా 1929లో సింగపూర్‌లో సిన్ చ్యూ జిట్ పో అనే చైనా భాషా దినపత్రికను స్థాపించాడు. పత్రికలు తలనొప్పి తెప్పిస్తాయని విసుక్కునే పాఠకులు, తలనొప్పి మందే పత్రికలను పోషించిందని తెలిస్తే కొంత శాంతించవచ్చు.

ఈ లేపనాలకు ఉన్నంత పరీక్షా బలం ఇంట్లో మింగే తలనొప్పి మూలికల్లో చాలావాటికి లేకపోవడం గమనించదగినది. జర్మనీలోని కీల్ నగర వైద్యులు 1996లో ప్రచురించిన పరీక్షలో, బిగుతు తలనొప్పి ఉన్న 41 మంది నుదుటికీ కణతలకూ 10 శాతం పుదీనా తైలం పూయగా, 1000 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌తో దాదాపు సమానమైన ఉపశమనం కలిగింది. అదే సంవత్సరం ఆస్ట్రేలియాలో టైగర్ బామ్‌ను ఉత్తుత్తి లేపనంతోనూ పారాసిటమాల్‌తోనూ పోల్చినప్పుడు, అది ఉత్తుత్తి లేపనం కంటే మెరుగుగానూ మాత్రకు దీటుగానూ నిలిచింది. మెంథాల్ చర్మపు ఉష్ణోగ్రతను తగ్గించకుండానే చలిని గుర్తించే టి.ఆర్.పి.ఎం.8 ద్వారాలను తెరిచి చల్లదనపు భ్రమ కల్పిస్తుంది, కర్పూరం వెచ్చదనాన్ని గుర్తించే ద్వారాలను తాకుతుంది. ఈ పరీక్షలు చిన్నవనీ, ఘాటైన వాసన వల్ల ఏది అసలు మందో రోగి ఇట్టే పసిగట్టగలడనీ ఆక్షేపించవచ్చు; ఆక్షేపణ సబబైనదే. ఒకేలా కనిపించే మాత్రలతో చేసే పరీక్షలో నమ్మకాన్ని పక్కకు నెట్టినంత తేలికగా ముక్కుకు ఘాటు తగిలే మందుతో నెట్టలేము. అయినా చవకగా, మింగనక్కరలేకుండా, కాసేపు ఊరటనిచ్చే వస్తువుగా లేపనం తన పని చేస్తుందనడంలో అతిశయోక్తి లేదు.

ప్రమాదం లేదని మాత్రం అనలేము. కర్పూరం చిన్నపిల్లల కడుపులోకి వెళితే నిమిషాల్లో మూర్ఛలు వస్తాయి. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1983లో చీటీ లేకుండా అమ్మే మందుల్లో కర్పూరం 11 శాతం మించరాదని కట్టడి చేసింది. పసిపిల్లల ముక్కు దగ్గర కర్పూరపు మూట కట్టడం, ఛాతీకి కర్పూరపు నూనె మర్దించడం తెలుగు ఇళ్లలో ఇంకా కనిపిస్తుంది గనుక ఈ అంకె ఇక్కడి వారికీ పనికొస్తుంది. కర్పూరం, నీలగిరి తైలాలు పూసుకున్నా పీల్చినా కొందరు పెద్దలలో సైతం మూర్ఛలు వచ్చిన సందర్భాలను బెంగళూరు నాడీ వైద్యులు నమోదు చేశారు.

లోపలికి తీసుకునే మూలికల దగ్గరకు వచ్చేసరికి నేల కొంత మెత్తబడుతుంది. శార్ఙ్గధర సంహితలోని పథ్యాది కషాయంలో కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ, నేలవేము, పసుపు, వేప, తిప్పతీగలుంటాయి, బెల్లం కలిపి తాగిస్తారు. వీటిలో పసుపు, బెల్లం తప్ప తక్కినవన్నీ ఏటూరునాగారం, పాకాల అడవుల అంచుల్లో ఏరుకోగలిగినవే. మలబద్ధకం వదిలించే త్రిఫలమే అందులో ప్రధానమైనది గనుక, కడుపు శుభ్రపడక వచ్చే తలబరువుకు అది పనికిరావచ్చునని ఊహించడం తేలిక, మైగ్రేన్‌ను అరికడుతుందనడం అంత తేలిక కాదు. శొంఠి మీద మాత్రం చెప్పుకోదగిన పరీక్షలున్నాయి. ఇరాన్‌లోని జంజాన్‌లో 100 మంది మైగ్రేన్ రోగులకు 250 మిల్లీగ్రాముల శొంఠి పొడినో సుమాట్రిప్టాన్ మాత్రనో ఇచ్చి చూస్తే, రెండు గంటలకు నొప్పి రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకేలా తగ్గింది. 2014లో వచ్చిన ఈ ఫలితం మూలికాభిమానులకు పండుగయింది. కానీ అందులో ఉత్తుత్తి మందు తీసుకున్న వర్గమే లేదు, మైగ్రేన్ నొప్పి దానంతట అది కూడా గంటల్లో తగ్గుతుంది గనుక ఆ లోటు చిన్నది కాదు. తరువాత బ్రెజిల్‌లో, నొప్పి రాకుండా నెలల తరబడి రోజూ అల్లం సారం ఇచ్చి చేసిన పరీక్షలో అది ఉత్తుత్తి మాత్రను మించలేదు. వచ్చిన నొప్పికి, దానితో వచ్చే వికారానికి శొంఠి కొంత సాయపడుతుంది, రాబోయే నొప్పిని ఆపదు అన్నంతవరకే ఇప్పటి సాక్ష్యం పోనిస్తుంది. చువాన్‌షియోంగ్ యోగాల మీద చైనాలో జరిగిన పరీక్షల సంఖ్య చాలా పెద్దది గానీ, వాటిలో అనేకం చిన్నవి, ఎవరికి ఏ మందు ఇచ్చారో దాచిపెట్టే జాగ్రత్త తక్కువగా ఉన్నవి. ఆ గడ్డలోని లిగుస్ట్రాజిన్ రక్తనాళాలను సడలిస్తుందన్న ప్రయోగశాల ఫలితం ఆ కొరతను తీర్చదు.

మూలిక మంచిదా చెడ్డదా అన్న వాదం కంటే ముందు తేలవలసింది ఆ తలనొప్పి ఏ తెగకు చెందినదన్నది. పిడుగు పడ్డట్టు ఒక్క క్షణంలో తారస్థాయికి చేరిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోయిన నొప్పి, మాట తడబాటుతోనో చేయి పడిపోవడంతోనో వచ్చిన నొప్పి, తలకు దెబ్బ తగిలిన తరువాతి నొప్పి, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన నొప్పి, గర్భిణికి వచ్చిన తీవ్రమైన నొప్పి శొంఠి గంధం ఆరేదాకా వేచి ఉండేవి కావు, వరంగల్‌లోనైతే ఎం.జి.ఎం. ఆసుపత్రికో మరో పెద్దాసుపత్రికో నేరుగా తీసుకుపోవలసినవి. దీనికి భిన్నమైన చిక్కు మరొకటి ఉంది. మామూలు నొప్పి మాత్రలను నెలలో 15 రోజులకు మించి మూడు నెలలకు పైగా వాడేవారిలో ఆ మాత్రలే రోజువారీ తలనొప్పికి కారణమవుతాయి. మూలికా మందు వేసుకున్నంత కాలం హాయిగా ఉండి, మానగానే నొప్పి తిరగబెడుతోందంటే, ఆ పొడిలో ఎవరో చెప్పకుండా అల్లోపతి నొప్పి మందు కలిపి ఉండవచ్చన్న అనుమానం కూడా పడవలసిందే.

ఇక షీషిన్. చువాన్‌షియోంగ్ చూర్ణంలోని ఈ ఎనిమిదవ ద్రవ్యం అరిస్టోలోకియా కుటుంబానిది. ఆ కుటుంబపు మొక్కల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను కోలుకోలేనంతగా ఎండగట్టి, మూత్రనాళాల్లో క్యాన్సర్ పుట్టిస్తుందని ప్రపంచానికి తెలిసింది బెల్జియంలో: బరువు తగ్గించే చికిత్సలో ఒక చైనా వేరు బదులు దాన్ని పోలిన పేరున్న అరిస్టోలోకియా వేరు చేరడంతో ఎందరో స్త్రీల మూత్రపిండాలు చెడిపోయాయని అక్కడి వైద్యులు 1993లో ప్రకటించారు. ఓరుగల్లు అడవుల్లో పాము కాటుకూ కడుపు నొప్పికీ నమ్మే ఈశ్వరి, నల్లరేగడి చేలలో పాకే గాడిదగడపాకు రెండూ అరిస్టోలోకియాలే, రెండింటిలోనూ ఆ ఆమ్లం ఉంది. తరతరాలుగా వాడుతున్నా ఎవరికీ ఏమీ కాలేదన్న వాదం ఇక్కడ చెల్లదు, ఎందుకంటే విషం పనిచేయడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది, అప్పటికి రోగి మూలికను మరచిపోయి ఉంటాడు. ఈ విషయంలో కాకతీయ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర, ఫార్మసీ విభాగాల వంటివి చేయగల అతి ముఖ్యమైన పని కొత్త మందు కనిపెట్టడం కంటే, సంతలో అమ్మే ప్రతి ఎండు వేరూ ఏ మొక్కదో ఖాయపరచడం. చైనా ఆ దిశలో కొంత నడిచింది. షీషిన్ మొక్కను వేరుతో సహా మొత్తంగా వాడే పద్ధతిని మార్చి, ఆకుల్లో ఆ ఆమ్లం ఎక్కువని తేలడంతో, 2005 నాటి చైనా ఔషధ సంహిత వేరునూ దుంపనూ మాత్రమే అనుమతించింది.